స్కేలు పోయిన రోజు

కంటి ఆసుపత్రిలో ఆడవాళ్ల వార్డు, మధ్యాహ్నం. పక్కపక్క మంచాల మీద ఇద్దరు పెద్దావిడలు. ఇద్దరికీ రెండు కళ్లకూ కట్లు.

"...అదే చెప్తున్నాను, తుమ్ముల టీచరు. అసలు పేరేమిటో మాకెవరికీ తెలీదు. సైన్సు చెప్పేది. సుద్దముక్క పట్టుకుంటే చాలు, తుమ్ములే తుమ్ములు. ఒకసారి బోర్డు మీద గుండె బొమ్మ వేస్తుంటే పెద్ద తుమ్మొచ్చి గీత కిందికి జారిపోయింది. ఆవిడ చూసుకోలేదు. పరీక్షలో క్లాసు క్లాసంతా గుండెకి తోక పెట్టాం."

"మార్కులు వేసిందా?"

"వెయ్యక! తోక పొట్టిగా పెట్టినవాళ్లకి తగ్గించింది. నవ్వారా వదినగారూ? నవ్వకూడదు. కుట్లు కదులుతాయని నర్సమ్మ మరీ మరీ చెప్పింది."

"నవ్వలేదు."

"మంచం కిర్రుమంది."

"మంచం దానంతటదే కిర్రుమంటుంది."

"అదీ నిజమే. రెండు కళ్లకీ కట్టేస్తే ఏ చప్పుడు ఎవరిదో తెలిసి చావదు. పొద్దుట్నుంచీ నేనే వాగుతున్నాను. విసుగ్గా ఉంటే చెప్పెయ్యండి, ఆపేస్తాను. ఆపలేను గానీ, గొంతు తగ్గిస్తాను."

"విసుగేం లేదు. చెప్పండి. ఆ స్కూలు ఎక్కడన్నారు?"

"రైలు గేటు పక్కన. పొడుగాటి పెంకుల బిల్డింగు, చివర ఒక్క మేడగది. రైలొస్తే పాఠం ఆగిపోయేది, ఒకళ్ల మాట ఒకళ్లకి వినపడేది కాదు. గూడ్సు బండొచ్చిందా, మా పంట పండినట్టే. పెట్టెలన్నీ వెళ్లేసరికి సున్నా మాస్టారు ఏ లెక్క దగ్గర ఆపాడో ఆయనకే గుర్తుండేది కాదు."

"సున్నా మాస్టారా?"

"లెక్కల మాస్టారు. సున్నాలు భలే గుండ్రంగా వేసేవాడు. నా పేపరు మీదైతే మరీ శ్రద్ధ పెట్టి వేసేవాడు, ముగ్గులో చుక్క పెట్టినట్టు."

"ఆ మేడగదికి ఇనప మెట్లుండేవి కదూ? ఎక్కుతుంటే ఊగేవి."

"అవునవును, అదే మా లాబు. అయ్యో, మీకెలా తెలుసు?"

"మీరే చెప్పారుగా ఇందాక."

"చెప్పానా? చెప్పే ఉంటాను. నా నోట్లోంచి ఏం పోతుందో నాకే తెలీదు. అందుకేగా నన్ను రేడియో అనేవాళ్లు... వదినగారూ? ఏవండీ? ఉన్నారా?"

"ఉన్నాను. ఎక్కడికి పోతాను? రేడియో అనేవాళ్లా మిమ్మల్ని?"

"అందరూ. హెడ్మాస్టరుతో సహా. ఆయన్ని మేం ఉరుము మాస్టారనేవాళ్లం. ఆఫీసు గదిలో ఆయన దగ్గితే, గేటు దగ్గర ఆలస్యంగా వచ్చిన పిల్లలు అట్నుంచటే ఇంటికి పోయేవాళ్లు. కానీ ఉత్త ఉరుమే. బెత్తం ఎత్తేవాడు, ఎత్తి అలాగే కాసేపు పట్టుకునేవాడు, మళ్లీ దించేసేవాడు. చెయ్యి నొప్పెట్టి దించాడనేవాళ్లు కొందరు. నేను మాత్రం ఆయనకి గుండెజబ్బు అని ప్రసారం చేశాను."

"నిజమేనా?"

"ఏమో! అప్పట్లో నాకు నిజంతో అంత పని ఉండేది కాదు. ఒకసారి సున్నా మాస్టారు తన జేబురుమాలు తీసి తుమ్ముల టీచరుకి ఇచ్చాడండీ, అందరూ చూస్తుండగా. ఇంకేముంది! సాయంత్రానికల్లా వాళ్లిద్దరికీ పెళ్లి కుదిర్చేశాను. పొద్దున్నకి ఎనిమిదో తరగతి పిల్లలు కూడా అడుగుతున్నారు, ముహూర్తం ఎప్పుడని."

"ఏమైంది చివరికి?"

"ఏముంది? ఆవిడ రుమాలు ఉతికి మడత పెట్టి తిరిగిచ్చేసింది. అంతే కథ. నామర్దా అయిపోయి, తర్వాత వాళ్లు ఒకళ్లకెదురుగా ఒకళ్లు కూచోవడం కూడా మానేశారు. చివరిదాకా ఇద్దరికీ పెళ్లి కాలేదట. వేరేవాళ్లతోనూ కాలేదు."

"పాపం."

"పాపమే. ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు నవ్వే వచ్చేది. అన్నట్టు దయ్యం సంగతి చెప్పలేదు కదూ మీకు?"

"దయ్యమేమిటి?"

"మా స్కూలుకి సొంత దయ్యం ఉండేదండీ. ఆషామాషీ దయ్యం కాదు, లెక్కల్లో ఫస్టు వచ్చే దయ్యం."

"అమ్మా, మామ్మగారూ! మళ్లీ మొదలెట్టారా? మందు వెయ్యాలి, కాస్త తల ఇటు తిప్పండి."

"వెయ్యి తల్లీ. నోటికి కట్టు లేదుగా, మాట్లాడితే తప్పేంటి?"

"మాట్లాడండి గానీ నవ్వకండి. ఏడవకండి కూడా. రెండూ పనికిరావు. మీరు కూడా వినండి పక్కావిడా."

"వింటున్నానమ్మా."

"వెళ్లిందా? వెళ్లింది. చెప్పులు టపటపమన్నాయి. ఆఁ, దయ్యం. దాని పేరు స్కేలు. అంటే బతికున్నప్పుడు. సన్నగా పొడుగ్గా ఉండేది, కూచుంటే వీపు బెంచీకి ఆనించేది కాదు, అందుకని స్కేలు. ఆ పేరు పెట్టింది ఎవరో నాకు గుర్తు లేదు."

"మీరు కాదూ?"

"నేనే అయ్యుంటాను లెండి. మా క్లాసులో ఆడపిల్లలం గుప్పెడు మందిమి. అందరిలోకీ అదొక్కతే చదివేది. సున్నా మాస్టారు నూటికి నూరు వేసింది దానికొక్కదానికే. వేసి, ఆ సున్నాలు కూడా అలవాటు కొద్దీ గుండ్రంగా వేశాడని మేం ఏడిపించేవాళ్లం. డాక్టరవుతానని కాదు, కలెక్టరవుతానని కాదు, లెక్కలే చదువుతూ ఉంటానని చెప్పేది. అలా ఎవరైనా చెప్తారా? పొగరనుకునేవాళ్లం."

"పొగరేమో."

"ఉండొచ్చు. సరే, ఒకరోజు అది బళ్లోకి రాలేదు. మర్నాడూ రాలేదు. సోడాబుడ్డిగాడని ఒకడుండేవాడు, ఈ లావు అద్దాలు, వాడిల్లు దాని వీధిలోనే. వాడు పరిగెత్తుకొచ్చి, 'స్కేలు వాళ్లింట్లో ఏడుపులు, శవాన్ని తీసుకెళ్తుంటే చూశాను' అన్నాడు. ఎవర్రా అంటే వాడికి తెలీదు. వాడికి పక్కనున్న మనిషే కనపడడు. ఆ తర్వాత రెండ్రోజులకనుకుంటా, పొద్దున్న ప్రార్థనయ్యాక ఉరుము మాస్టారు ముందుకొచ్చాడు. నోరు తెరిచాడు. గొంతు రాలేదు. ఉరుముకి గొంతు రాకపోవడమేమిటని మాలో కొంతమంది కిసుక్కున నవ్వారు కూడా. అప్పుడు చెప్పాడు. 'తొమ్మిదో తరగతి అమ్మాయి, మన స్కూలుకే ఫస్టు వచ్చే అమ్మాయి, మనకిక లేదు' అని. కళ్లజోడు తీసేశాడు. మొహం అటు తిప్పుకున్నాడు. మౌనం పాటించమన్నాడు."

"పాటించారా?"

"పాటించాం. మధ్యలో గూడ్సు బండొచ్చింది."

"...తర్వాత?"

"తర్వాత హాఫ్‌డే ఇచ్చారు."

"సెలవా?"

"మరి! ఒక పిల్ల పోతే సెలవివ్వరూ? చెప్తే మీరు నన్ను తిట్టుకుంటారు గానీ, ఆ రోజు మాకెంత ఆనందమో. ఏడ్చాం లెండి, గేటు దాకా ఏడ్చాం. గేటు దాటాక ఎవరో అన్నారు, మ్యాట్నీకి టైముందని."

"వెళ్లారా సినిమాకి?"

"అందరం వెళ్లాం. సోడాబుడ్డి కూడా. అందులో హీరోయిన్ చచ్చిపోతుంది. అప్పుడు మాత్రం వెక్కి వెక్కి ఏడ్చాం. వదినగారూ, మంచం మళ్లీ కిర్రుమంది."

"ఈసారి నవ్వానులెండి."

"నవ్వకండి, కుట్లు! అక్కణ్నుంచి మొదలైంది దయ్యం. లాబులో గాజు సీసా పగిలితే స్కేలు. సాయంత్రం ఇనప మెట్లు ఊగితే స్కేలు. ఎవరికైనా లెక్కల్లో మంచి మార్కులొస్తే స్కేలు పూనిందనేవాళ్లు. ఒట్టు వెయ్యాలంటే 'స్కేలు మీదొట్టు' అనేవాళ్లం, అమ్మ మీద వేసినా నమ్మేవాళ్లం కాదు. డ్రిల్లు మాస్టారు, ఇంత ఛాతీ ఉన్న మనిషి, చీకటి పడ్డాక ఆ మెట్ల వైపు వెళ్లేవాడు కాదు. పరీక్షల ముందు అది కూచునే కిటికీలో సుద్దముక్క పెడితే లెక్కలు గట్టెక్కుతాయని ఇంకో నమ్మకం."

"మీరు పెట్టారా?"

"పెద్ద ముక్క పెట్టాను. బొటాబొటీ మార్కులొచ్చాయి. చిన్న ముక్క పెట్టి ఉంటే పోయేదాన్ని."

"సున్నా మాస్టారు? ఆయనేమనేవారు?"

"ఆయనా... ఆయన సంగతి నవ్వొచ్చేది కాదు. లెక్క బోర్డు మీద వేసి, ముందు బెంచీ చివర ఖాళీగా ఉన్న చోటు చూసి, 'ఊఁ, నువ్వు చెప్పు' అనేవాడు. అలవాటు. అనేసి, ఆగిపోయి, చేతిలో సుద్దముక్క వంక చూసుకునేవాడు. చాన్నాళ్లు అలాగే. ఆ చోట ఎవర్నీ కూచోనివ్వలేదు. మేం కూచుంటామన్నామా ఏమిటి, చచ్చినా కూచోం!"

"ఊఁ."

"అసలైంది చెప్తానుండండి. ఒకరోజు సాయంత్రం ఆయన పెద్ద లెక్క ఒకటి బోర్డు మీద రాసి, రేపు చేసుకు రండి అని వెళ్లిపోయాడు. రెండు రైళ్లు ఎదురెదురుగా వచ్చే లెక్క. మర్నాడు పొద్దున్న తలుపు తీస్తే ఏముంది? బోర్డు మీద ఆ లెక్క చేసేసి ఉంది! మొత్తం. కింద గీత గీసి ఆన్సరు. వరండా అంతా కెవ్వుమంది. ఇద్దరు సొమ్మసిల్లారు. ఒకతి నేనే. అది స్కేలు కాకపోతే ఇంకెవరండీ?"

"ఆన్సరు ఒప్పేనా?"

"ఆఁ?"

"ఆ రైళ్ల లెక్క. బోర్డు మీద రాసున్న ఆన్సరు ఒప్పా, తప్పా?"

"అది... సున్నా మాస్టారు వచ్చి చూసి తప్పన్నాడు. ఎందుకూ?"

"అయితే అది నేను కాదు."

"ఏమిటి?"

"తప్పు చేశానంటే ఊరుకోను రేడియో. ఆ లెక్క నేనైతే ఒప్పే చేసేదాన్ని."





"నర్సమ్మా! ఓ నర్సమ్మా! తొందరగా రా తల్లీ!"

"ఏమైంది మామ్మగారూ? నొప్పా?"

"పక్క మంచం మీద ఎవరున్నారో చూడు."

"పక్కావిడే ఉన్నారు."

"మనిషేనా?"

"మనిషి కాకపోతే? పడుకుని ఉన్నారు."

"కాళ్లు చూడు. దుప్పటి తీసి చూడు. ఎటు తిరిగున్నాయి?"

"ఇదేం చోద్యం! ముందుకే ఉన్నాయి. వాచి కూడా ఉన్నాయి. పక్కావిడా, ఏం చేశారు ఈవిణ్ని?"

"ఏం చెయ్యలేదమ్మా. చిన్నప్పుడు ఒకే బళ్లో చదివాం. ఇప్పుడే తెలిసింది."

"ఓస్ అంతేనా! అయితే ఇంకేం, కబుర్లు చెప్పుకోండి. మెల్లిగా."

"వెళ్లిందా?"

"వెళ్లింది. చెప్పుల చప్పుడు వినలేదూ?"

"వినపడట్లేదే, చెవులు గుయ్యిమంటున్నాయి. మీరు... నువ్వు... ఒసేయ్, నిజంగా నువ్వేనా?"

"నేనే."

"గొంతు పోల్చలేకపోయాను."

"నేను పోల్చాను నీ గొంతు. తోక పెట్టిన గుండె దగ్గరే అనుమానం వచ్చింది. రేడియో అనగానే ఇంకేం మిగల్లేదు."

"మరి పొద్దుట్నుంచీ చెప్పవేమే? నీ చావు నాతోనే చెప్పించుకుని వింటావా?"

"ఎవరికి దొరుకుతుంది ఆ అవకాశం? వినాలనిపించింది. మధ్యలో చెప్తే నువ్వు ఆ సినిమా సంగతి దాచేసేదానివి."

"ఛీ ఛీ. నా నోరు పడిపోను. నీకు మౌనం పాటించి సినిమాకెళ్లామని నీకే చెప్పాను. స్కేలూ, మరి ఆ శవం? సోడాబుడ్డి చూశాడే! ఏడుపులు విన్నాడే!"

"పోయింది మా అమ్మ."

"అయ్యో!"

"కాన్పులో పోయింది. పిల్లాడు బతికాడు. వాడి వెనక, అంటే వాడి పైన, ఇంకా ముగ్గురున్నారు. నేనే పెద్దదాన్ని. నాన్నకి పుస్తకాల బైండింగు తప్ప ఇంకో పని చేతకాదు, పాలు కాచడం కూడా రాదు. చిన్నాన్న వాళ్లుండే ఊరికి మకాం మార్చేశాడు. నా చదువు అక్కడితో సరి."

"మరి అక్కడ స్కూల్లో..."

"చంకలో పసివాణ్ని పెట్టుకుని వెళ్లమంటావా? నాన్న బైండింగుకి నేను కుట్టు వేసేదాన్ని. వాణ్ని ఒళ్లో పడుకోబెట్టుకుని సూది దారం. అప్పుడప్పుడూ లెక్కల పుస్తకాలొచ్చేవి. కుట్టేలోపు ఒకటో రెండో పేజీలు చదివేదాన్ని. అట్ట అంటించాక ఇక తెరవకూడదు, జిగురు ఆరాలి. ఆరేసరికి పుస్తకం గలవాళ్లు వచ్చి పట్టుకెళ్లిపోయేవాళ్లు. ఒక లెక్క మొదలు నాకు తెలుసు, ఆఖరు తెలీదు. అలాంటివి చాలా ఉన్నాయి."

"ఆ పిల్లాడు? అంత చేసి పెంచావు, బాగున్నాడా?"

"లారీ నడుపుతాడు. తాగుతాడు. ఎప్పుడైనా వస్తాడు. వచ్చినా నిద్రపోవడానికే."

"పెళ్లి చేసుకున్నావా అసలు?"

"చేశారు. మొదటి భార్య పోయినాయన. పిల్లలు తయారుగా ఉన్నారు, కనే శ్రమ తప్పింది. మళ్లీ మొదట్నుంచీ అదే పని. జడలు వెయ్యడం, ముక్కులు తుడవడం. తర్వాత వాళ్ల పిల్లలు. వీళ్లందర్నీ వరసగా కూచోబెడితే మన క్లాసంత ఉంటుంది. ఒక్కడికి లెక్కలు రావు."

"నువ్వు చెప్పలేదా?"

"చెప్పాను. పారిపోయేవాళ్లు."

"నవ్వించకే. కుట్లు."

"నవ్వు పోనీ. నాకైతే కుట్లతో పెద్ద పనేం లేదు."

"అదేం మాట?"

"శుక్లం తీశారు గానీ లోపల నరం ఎండిపోయిందట. చేసి చూద్దాం అన్నాడు డాక్టరు. చూద్దాం అన్నది ఆయన చూద్దామనో, నేను చూద్దామనో తెలీలేదు. ఆశ పెట్టుకోవద్దని మా పెద్ద కోడలితో చెప్పాడు. నాకు వినపడింది. కళ్లు పోయాక చెవులు పాము చెవుల్లా పనిచేస్తాయి."

"అలా అనకే. రేపు కట్లు విప్పుతారు, ముందు నా మొహమే చూద్దువుగాని. పళ్లు లేవు, భయపడకు."

"నువ్వే చూద్దువు నన్ను. కాళ్లు కూడా చూసుకో."

"ఊరుకోవే. ఏడుపొస్తోంది, ఏడవకూడదంది. స్కేలూ, ఒక్క మాట చెప్పనా? ఇది నేను ఎవరికీ ప్రసారం చెయ్యలేదు. నువ్వు చచ్చిపోబట్టే నేను చదివాను."

"అదెలా?"

"ఆ వేసవిలో నన్ను మాన్పించెయ్యాలని మా నాన్న ఎప్పుడో అనేసుకున్నాడు. ఆడపిల్లకి అంత చదువెందుకని. నువ్వు పోయావని విన్నాడు. తర్వాత అన్నాడు, 'పాపం, చదువుకుంటానన్న పిల్లని దేవుడు ఉంచలేదు, ఉన్నదానివి నువ్వు చదువుకోవే' అని. నా ఒక్కదానికే కాదు, చాలా ఇళ్లలో అదే మాట. ఆ ఏడాది మన క్లాసులో ఆడపిల్ల ఒక్కతీ మానలేదు. అందరం పదో తరగతి దాకా వచ్చాం."

"అందరూ పాసయ్యారా?"

"అయ్యాం. సుద్దముక్కల ధర్మమా అని."

"తర్వాత ఏం చేశావు రేడియో?"

"ఏం చేస్తాను? పెళ్లి చేశారు. సర్టిఫికెట్టు బీరువాలో, నేను వంటింట్లో. మా ఆయన మిల్లులో కాటా గుమాస్తా. ఉత్తరం మీద అడ్రసు కూడా ఆయనే రాసేవాడు, నా రాత బాగోదని. ఒకసారి ఇంట్లో పేపరు చదువుతుంటే మా అత్తగారు అడిగింది, అందులో ఎవరి కోసం వెతుకుతున్నావే అని. మళ్లీ పట్టుకోలేదు."

"మిగతావాళ్లు? ఆ చిత్రాలు గీసే పిల్ల ఉండేది, తుమ్ముల టీచరు వెంట తిరుగుతూ."

"దానికి వరసగా అయిదుగురు. ఆఖరి కాన్పులో పోయింది."

"ఇంగ్లీషు బాగా మాట్లాడేది, పోస్టుమాస్టరు గారమ్మాయి?"

"మొగుడు పలకరించని పెళ్లాం. ఏ భాషలో మాట్లాడితే ఏం?"

"ఒక్కతీ లేదూ? ఉద్యోగం గానీ, టీచరు పని గానీ... ఏదైనా చేసింది ఒక్కతీ లేదూ?"

"ఒక్కతీ లేదే. అన్ని పెళ్లిళ్లకీ వెళ్లాను, నాకు తెలుసు. అందరం పాసయ్యాం, అందరం ఒకే గదిలోకి వెళ్లాం. ఏం, ఎందుకంత తరచి తరచి అడుగుతున్నావు?"

"ఊరికే."

"ఊరికే కాదు. గొంతు మారింది నీకు."

"మందు గొంతులోకి జారింది. చేదుగా ఉంది."

"నాకు మాత్రం ఇప్పుడు ఆ ఉరుము మాస్టారి మీద ఒళ్లు మండిపోతోంది. ఇన్నేళ్లూ ఆయన్ని ఎంత మంచివాడనుకున్నాను! నీ కోసం ఏడ్చాడని. పోయింది తల్లో పిల్లో కనుక్కోకుండా, ఆ సోడాబుడ్డిగాడు మోసుకొచ్చిన మాట పట్టుకుని, అంతమంది పిల్లల ముందు నిన్ను చంపేస్తాడా? హెడ్మాస్టరన్నవాడికి ఆమాత్రం బాధ్యత ఉండొద్దూ?"

"పోనీలే."

"పోనీలే ఏమిటి! పోయింది నీ పేరు. ఎవరైనా వెతుక్కుంటూ వచ్చేవాళ్లేమో, సున్నా మాస్టారే వచ్చేవాడేమో. చచ్చిందంటే ఇంకెవరొస్తారు? రెండడుగులు వేసి మీ ఇంటికొచ్చి, తలుపు కొట్టి, అడగొద్దూ ఆ మనిషి?"

"వచ్చారు."

"ఎవరు?"

"ఉరుము మాస్టారు. ఆ రాత్రి రైలుకే వెళ్లిపోవాలని మేం సామాను కట్టుకుంటుంటే వచ్చారు, సాయంత్రం. పరీక్షలయ్యేదాకా నన్ను వాళ్లింట్లో ఉంచమని నాన్నని అడిగారు. నాన్న కుదరదన్నాడు. మళ్లీ అడిగారు. లోపల పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఇక వాదించలేకపోయారు."

"మరి... మరి నిన్ను చూశాడా?"

"చూశారు. గుమ్మంలోనే నిలబడ్డాను."

"చూసి కూడానా? బతికున్న పిల్లని కళ్లారా చూసి కూడా, మర్నాడు..."

"క్లాసులో ఫస్టు వచ్చే పిల్లనే మాన్పించారని తెలిస్తే, మిగతా ఆడపిల్లల నాన్నలందరికీ అదే దారి అవుతుంది, చచ్చిపోయిందంటే మాత్రం ఎవరూ మాన్పించరు, అన్నారు."

"నాన్నతోనా?"

"కాదే, నాతో. 'అమ్మా, రేపు ప్రార్థనలో నువ్వు పోయావని చెప్తాను, ఏమీ అనుకోవు కదా' అని నన్నే అడిగారు. ఆయన గొంతెండిపోయి ఉంటే, లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చిచ్చాను."